రివెట్‌ని విప్పగలమా?

సందేహం: మా శిక్షణ పుస్తకంలో ‘గుడ్డి రివెట్లను బిగించుట, విప్పుట’ అని ఒక పాఠం ఉంది. బ్లైండ్ రివెట్‌ని అలా అనవచ్చా? వర్క్‌షాపులో మేము రివెట్ ‘కొట్టడం’ అంటాం. అది తప్పా? అసలు రివెట్‌కి తెలుగు మాట లేదా? – ఒక విద్యార్థి

సమాధానం: ‘గుడ్డి రివెట్’ అనకండి. పాఠం రాసినవారు నిఘంటువు తెరిచి మొదట కనబడిన అర్థాన్ని దించేసినట్టున్నారు. రివెట్ అంటే రేకుల్ని కలిపి పట్టి ఉంచే లోహపు మేకు. బ్లైండ్ రివెట్ వేసేచోట రేకు వెనక వైపుకి పనివాడి చేయి పోదు, చూపు పోదు. అయినా ముందు వైపు నుంచే పని పూర్తవుతుంది. బ్లైండ్ అన్నది అందుకు. తెలుగులో వస్తువు పేరుకి ముందు ‘గుడ్డి’ చేరిస్తే వచ్చే అర్థం వేరు. గుడ్డిదీపం అంటే వెలుగు చాలనిది, గుడ్డిగవ్వ అంటే చెల్లనిది. ఆ వరసలో గుడ్డి రివెట్ అంటే పట్టులేని రివెట్ అని ఎవరైనా అనుకుంటే తప్పు వారిది కాదు.

ఇక తెలుగు మాట లేకేం, చీల ఉంది. కొందరు సీల అంటారు, శీల అనీ వినిపిస్తుంది. ఇది సంస్కృత ‘కీల’కి వికృతి అని నా నమ్మకం. కన్నడంవారి కెరె మనకి చెఱువు, వారి కివి మనకి చెవి, వారి కెడు మనకి చెడు. ఇ, ఎల ముందున్న కకారం తెలుగులో చకారమైంది. ఇది ప్రధానంగా దేశ్యపదాల్లో కనిపించే మార్పు. సంస్కృతం నుంచి వచ్చిన మాట కూడా ఆ దారినే నడిచిందంటే, వడ్రంగులూ కమ్మరులూ దాన్ని ఎంత పాతకాలం నుంచి తమ నోట నలిపారో ఊహించండి! కన్నడంలో కీలు కీలుగానే ఉంది. మనకీ కీలు ఉంది: తలుపు కీలు, మోకాలి కీలు, కీలుబొమ్మ, కీలెరిగి వాత పెట్టడం. చీలమండలో ఉన్నది కూడా ఈ చీలేనని నాకు తోస్తుంది. అగ్నికీలల కీల అంటే మంట. దానితో మనకి పని లేదు.

కీలకం అన్నా మేకే, చీలే. ఏ ఒక్క చీల ఊడదీస్తే మొత్తం కూర్పు విడిపోతుందో అది కీలకం. ఇవాళ వార్తల్లో చూడండి: కీలక భేటీ, కీలక వ్యాఖ్యలు, కీలక మలుపు, కీలక నేత. ఒక్క పేజీలో ఇన్ని కీలకాలుంటే ఏది తీసినా ఏదీ ఊడదు. ‘ముఖ్యమైన’ అంటే సరిపోయే చోట ఇంత గట్టి మాటని అరగదీయడం నాకు నచ్చదు.

‘కొట్టడం’ తప్పు కాదు. పాత తరహా గట్టి రివెట్‌ని నిజంగానే సుత్తితో కొట్టి తల చేస్తారు. బ్లైండ్ రివెట్‌లో దెబ్బ లేదు, లాగుడే. బోలుగా ఉన్న గొట్టం, దాని నడుమ ఒక పిన్ను. రివెట్ గన్ను అనే పనిముట్టు పిన్నుని తనవైపు లాగుతుంది. అవతలి వైపున్న పిన్ను తల గొట్టం కొసని ఉబ్బిస్తుంది. రేకులు దగ్గరగా బిగుసుకున్నాక, పిన్ను ముందే సన్నబరిచిన చోట టప్‌మని తెగుతుంది. అయినా మనం గాలి కొడతాం, సున్నం కొడతాం. వాటిలో మాత్రం దెబ్బ ఎక్కడుంది? ‘బిగించడం’ కూడా సరే.

‘విప్పడం’ దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. ముడి విప్పుతాం, నట్టు విప్పుతాం. విప్పినదాన్ని మళ్ళీ వేసుకోవచ్చు. రివెట్‌కి ఆ యోగం లేదు. పోనీ ‘పీకడం’ అందామా? పంచతంత్రంలో, మిత్రభేదంలో, కీలోత్పాటి వానరం కథ ఉంది. వడ్రంగి సగం చీల్చిన దుంగలో కీలం దిగ్గొట్టి వెళ్ళాడు. కోతి ఆ దుంగమీద కూర్చుని కీలాన్ని పట్టి లాగింది, చీలిక మూసుకుని నలిగి చచ్చింది. ఉత్పాటనం అంటే పెరికివేయడం. అది కీలానికి చెల్లింది, రివెట్‌కి చెల్లదు. అవతల ఉబ్బిన కొస ఉండగా లాగితే రేకే చిరుగుతుంది. పనివారు చేసేది వేరు. లోపల మిగిలిన పిన్ను ముక్కని సన్నటి పంచితో అవతలికి తడతారు. 4 మిల్లీమీటర్ల రివెట్ అయితే 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టునే తలకి నడిమధ్య ఆనించి, తల తెగేదాకా నెమ్మదిగా తొలుస్తారు. తల ఊడిరాగానే తక్కిన గొట్టాన్ని వెనక్కి నెడతారు. బిట్టుతోపాటు రివెట్ కూడా గిర్రున తిరుగుతుంటే తలని కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే రంధ్రం పెద్దదైపోతుంది.

కాబట్టి ‘తొలిచి తీయడం’ అన్నది జరిగే పనికి అతికినట్టుంటుంది. దానంతటదే వదులై పడిపోతే ‘ఊడింది’ అనండి. పేరు విషయంలో పట్టుబట్టను. రివెట్ తెలుగు నోట కుదురుకున్న మాట. చీల అన్నా పనివారికి అర్థమయ్యే చోట చీల అనండి, లేకపోతే బ్లైండ్ రివెట్ అనే ఉంచండి. పాఠం పేరులో ‘తీసివేయుట’ అన్నా ఒప్పుకుంటాను. ‘విప్పుట’ని మాత్రం వచ్చే ముద్రణలో మార్చమని మీ మాస్టారికి చెప్పండి.