కవరు మీద తేదీ చూశారా?

ప్రశ్న: మాది జగిత్యాల. తమ్ముడు స్టూడెంట్ వీసా మీద పోలెండ్ వెళ్లి, చదువు మానేసి జర్మనీ చేరాడు. ప్రేమ వ్యవహారంలో అమ్మాయి తరపు వాళ్లు చంపుతామని బెదిరించారు. 2025 డిసెంబరులో అక్కడ ఆశ్రయానికి దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు పోలెండ్‌కు పంపేస్తామని లెటర్ వచ్చింది. ఆరు నెలలు కనబడకుండా ఉంటే జర్మనీయే ఉంచుకోవాలని ఏజెంటు అంటున్నాడు. అమ్మ టెన్షన్‌తో మంచం పట్టింది. దారి చూపండి.

జవాబు: బెదిరింపుల గురించి మూడు పేజీలు రాశారు. జర్మనీ వాటి జోలికే వెళ్లలేదు. యూరోపియన్ యూనియన్‌లో ఒకరి దరఖాస్తును ఒక్క దేశమే విచారిస్తుంది. 2013 నాటి డబ్లిన్ నిబంధన ప్రకారం, వీసా చెల్లుబాటులో ఉంటే అది ఇచ్చిన దేశానిదే బాధ్యత. అంటే పోలెండ్‌ది.

లెటర్ ఎప్పుడు అందిందో మాత్రం రాయలేదు! ఇలాంటి ఆర్డర్లు సాధారణంగా పసుపు కవరులో వస్తాయి, పోస్ట్‌మ్యాన్ దాని మీద తేదీ వేస్తాడు. అందిన నాటి నుంచి వారంలోగా అక్కడి పరిపాలనా కోర్టులో దావా వేయాలి. దావా ఒక్కటే వేస్తే పంపడం ఆగదు, స్టే కోసం విడిగా అర్జీ కూడా అదే వారంలో పడాలి. వకీలు దొరక్కపోతే కోర్టులో నోటిమాటగా చెబితే అర్జీ రాసుకునే విభాగం ఉంటుంది. ఏ కోర్టో ఆర్డర్ చివర్లోనే ఉంటుంది.

దావాలో పట్టు దొరికితే తేదీల్లోనే. మీ తమ్ముడి కేసులో జర్మనీ దరఖాస్తు తీసుకున్న మూడు నెలల్లోపు బాధ్యత తీసుకోమని పోలెండ్‌ను అడగాలి. అడగకపోతే బాధ్యత జర్మనీదే. ఫైలు తెప్పించి చూడమనండి.

ఏజెంటు సగం నిజమే చెప్పాడు. పోలెండ్ ఒప్పుకున్నాక ఆరు నెలల్లో పంపాలన్నది రూలే. మనిషి పరారైతే అది 18 నెలలవుతుంది. పేరు మార్చి ఫ్రాన్స్‌లో దరఖాస్తు పెడదామన్నా, వేలిముద్రలు యూరోడాక్‌లో (ఆశ్రయం కోరినవాళ్ల వేలిముద్రలు దాచే యూరప్ ఉమ్మడి డేటాబేస్‌లో) ఉన్నాయి. పైగా 2026 జూన్ 12 తర్వాత పెట్టే దరఖాస్తులకు వర్తించే కొత్త నిబంధనలో, పరారైతే గడువు మూడేళ్ల దాకా పెరుగుతుంది.

బెదిరింపుల కథ పోలెండ్‌లో పనికొస్తుంది, రుజువులుంటేనే. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకండి, మెసేజీలు వచ్చిన ఫోన్‌నే దాచండి. స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు తీసుకోండి. పాత తేదీతో కాగితం మాత్రం పుట్టించొద్దు. భారత్‌ను సురక్షిత దేశాల జాబితాలో చేర్చాలని యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లోనే ప్రతిపాదించింది, కాబట్టి అధికారి అనుమానంతోనే చూస్తాడు.

ఈ రాత్రే కవరు ఫొటో తెప్పించండి. వారం దాటిపోతే, ఆలస్యం తన తప్పు కాదని రుజువు చూపిస్తేనే కోర్టు మాఫీ చేస్తుంది. ఏజెంటు ఆగమన్నాడని చెబితే చెల్లదు.