బాలసదనానికి బట్టలు సేకరించే ముందు

అమ్మాయీ,

బాలసదనం పిల్లల కోసం మీ కాలనీలో బట్టలు పోగుచేస్తామని రాశావు. మంచిదే. కానీ వాట్సాప్ గ్రూపులో "పాతబట్టలుంటే ఇవ్వండి" అని మాత్రం పెట్టకు. పెట్టావా, వారం తిరక్కుండా హాలు నిండా జరీ ఊడిన చీరలూ, పెద్దవాళ్ల ప్యాంట్లూ, ఏడాది పాపల గౌన్లూ చేరతాయి. పధ్నాలుగేళ్ల పిల్లకి ఒక్క చుడీదారు దొరకదు. పసిపిల్లల గౌన్లు నాలుగుసార్లు తొడిగేసరికి పొట్టివైపోయి బీరువాలో మిగులుతాయి. పెద్దపిల్లల బట్టలు చిరిగేదాకా వాడతారు, లేదా చెల్లెళ్లకు దిగుతాయి.

ముందు సూపరింటెండెంటును కలువు. జిల్లా బాలల సంరక్షణ విభాగం అనుమతి తీసుకో. పిల్లల పేర్లు అడక్కు, నీకవి అక్కర్లేదు. వరస నంబరు, ఆడా మగా, ఎత్తు, ఛాతీ, నడుము, పాదం పొడవు రాసిన కాగితం చాలు. ఆడపిల్లల కొలతలు అక్కడి ఆయమ్మే తీస్తుంది.

వయసు చూసి కొంటే దెబ్బతింటావు. లేబుల్ మీద 7-8 ఏళ్లు అని ఉంటే అది సుమారు 128 సెంటీమీటర్ల ఎత్తుకి. 9-10 అంటే 140కి, 11-12 అంటే 152కి. సరైన తిండి లేకుండా పెరిగిన పదేళ్ల పిల్లకి 7-8 గౌనే సరిపోవచ్చు. చెప్పుల కోసం పిల్లని కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీయించు. కూర్చోబెట్టి గీస్తే పాదం పొట్టిగా పడుతుంది. బొటనవేలి ముందు సెంటీమీటరు వదులు.

లోదుస్తులు, బ్రాలు, సాక్సులు కొత్తవే కొనాలి, ఇందులో బేరం లేదు. మనిషికి 6 జతల లోదుస్తులు, 3 జతల పగటి బట్టలు, 2 జతల రాత్రి బట్టలు, ఒక తువ్వాలు, ఒక చెప్పుల జత లెక్కన 40 మందికి వేసుకుంటే 240 లోదుస్తులు. అందుకే మనుషుల దగ్గర బట్టలకంటే డబ్బు అడగడం తేలిక. హోల్‌సేల్ కొట్టులో కొలతల కాగితం పెట్టి కొను.

వచ్చిన పాతవాటిని కిటికీ వెలుగులో ఎత్తి చూడు. కాలరు, చంక, గుండీలు, జిప్పు, ఎలాస్టిక్. లాగితే తిరిగి బిగుసుకోని ఎలాస్టిక్ మార్పించాలి. బిగిసిన జిప్పుకి కొవ్వొత్తి రాస్తే కదులుతుంది. నీ పిల్లకి తొడగని గుడ్డ ఇంకొకరి పిల్లకీ తొడగొద్దు. అన్నిటినీ వేడినీళ్లలో ఉతికి గట్టి ఎండలో ఆరెయ్యి, గజ్జి భయం ఉండదు. మూటల్లో కలరా ఉండలు వెయ్యకు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పసికందులకు ఆ నాఫ్తలీన్ తగిలితే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. ఎండిన వేపాకు వేసుకో.

ఫోస్టర్ కేర్ కింద కుటుంబాల్లోకి వెళ్లే పిల్లల సంగతి వేరు. పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారుగా అంటారు కొందరు. ఆ డబ్బు చేతికి రాకముందే, మొదటి రాత్రికే బిడ్డకి మార్చుకునే జత కావాలి. 116, 128, 140, 152 ఎత్తులకు తలా రెండు సంచులు సర్ది విభాగంలో ఇచ్చిపెట్టు: 2 జతలు, రాత్రి జత, 4 లోదుస్తులు, తువ్వాలు, బ్రష్షు. జిప్పు సంచి కొను, పాలిథిన్ కవరు వద్దు. ఆ సంచి పిల్లదే అయిపోతుంది కదా.

సదనంలో పంచేటప్పుడు చేతిలో పెట్టకు. తాడు కట్టి హ్యాంగర్లకు తగిలించి, ఆరుగురేసి పిల్లల్ని లోపలికి పంపి ఎంచుకోనివ్వు. అద్దం ఒకటి పెట్టు. వద్దంటే వద్దనే అర్థం, ఇంకోటి చూపించు. ఎంచుకున్నాక ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారంతో అంచున ముడి కుట్టించు. ఉతుకుడు అందరిదీ కలిపే కాబట్టి, గుర్తు లేకపోతే వారంలో ఎవరి చొక్కా ఎవరిదో తెలియదు.

ఫోటోలు వద్దు. దాతలు అలిగినా సరే. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద పిల్లల గుర్తింపు బయటపెడితే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

పండగ వారంలో వెళ్లకు, అప్పుడు అందరూ మిఠాయి డబ్బాలతో వస్తారు. జూన్‌లో బడులు తెరిచే ముందు ఒకసారి, స్వెటర్లకు అక్టోబరులో ఒకసారి చాలు. మిగిలిన చీరలు, పెద్దవాళ్ల బట్టలు అక్కడ వదిలేసి రాకు, వాళ్లకు దాచే చోటుండదు. ఇచ్చినవి స్టాకు రిజిస్టరులో ఎక్కించుకుని సంతకం తీసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ