48 వేల గ్రాఫిక్స్ కార్డుకు ఈఎంఐ పెట్టాలా, చీటీ పాడాలా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో ఉద్యోగం, జీతం 34,000. ఇంటి ఖర్చు 21,000, చీటీ 5,000 పోగా 8,000 మిగులుతుంది. బ్యాంకులో 80,000 ఉంది. కంప్యూటర్‌లో ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, మామూలు 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్నాయి. కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. షాపులో ఆర్టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కార్డు 48,000, 5060 అయితే 31,000, 3060 12 జీబీ 25,500 అన్నారు. టీఐని క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐలో తీసుకోనా? లక్ష చీటీని 22,000 తగ్గించి పాడుకోనా?

జవాబు: రెండూ వద్దు. బ్యాంకులో ఉన్న 80,000 కూడా ముట్టుకోవద్దు. మీ నెల ఖర్చు చీటీతో కలిపి 26,000. మూడు నెలలకు 78,000 కావాలి. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా ఆదుకునేది ఆ డబ్బే.

ఈఎంఐ లెక్క చూడండి. వడ్డీ ఏడాదికి 16 శాతం అనుకుంటే నెలకు 4,355 కట్టాలి. మొత్తం వడ్డీ 4,261, దాని మీద 18 శాతం జీఎస్టీ 767. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే పన్నుతో 235. అంటే 48,000 వస్తువు మీకు 53,263కు పడుతుంది. మిగులులో సగానికి పైగా ఏడాదంతా దానికే పోతుంది. ‘నో కాస్ట్’ అన్నా సరే, బిల్లులో వడ్డీ మీద జీఎస్టీ ఉందేమో చూసుకోండి, రొక్కమిస్తే ఎంత తగ్గిస్తారో కూడా అడగండి. ఇక చీటీ అంటారా, 48,000 కోసం 22,000 వదులుకోవడం నాకు మింగుడు పడలేదు. పైగా చేతికొచ్చే 78,000లో కార్డు పోగా మిగిలే 30,000 ఎన్నాళ్లు నిలుస్తుందో మీకే తెలియాలి.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, టీఐ మీ పెట్టెలో దండగ. మీది పదో తరం ఇంటెల్ ప్రాసెసర్. ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారి పేరు పీసీఐఈ, ఆ తరం పాత 3.0 దగ్గరే ఆగిపోయింది. 5060, 5060 టీఐ రెండింటికీ ఆ దారిలో ఉన్నవి 8 లేన్లే (వరుసలే), 3060 12 జీబీకి 16 లేన్లు. కార్డు మెమరీ నిండి ర్యామ్‌లోకి పొంగినప్పుడు ఆ ఇరుకు తెలుస్తుంది. 8 జీబీ 5060కి ఆ బెడద ఎక్కువ. 5060 వేగమైనదే, మధ్యలో అదనపు ఫ్రేములు తానే పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ కూడా ఉంది, కాదనను. కానీ మీ మానిటర్ సెకనుకు చూపించేది 60 ఫ్రేములే. ఏడాది రెండేళ్లలో బోర్డు, ప్రాసెసర్, మానిటర్ అన్నీ మార్చే ఆలోచన ఉంటే తప్ప 3060 12 జీబీ చాలు.

అయితే ముందు మార్చాల్సింది ఎస్ఎంపీఎస్. దాని పక్కన అంటించిన పట్టీ చదవండి. పైన పెద్దక్షరాల్లో 450 అని ఉన్నా, +12వోల్టుల గడిలో 18 ఆంపియర్లే రాసి ఉంటే 12×18, అంటే 216 వాట్లే. 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతుంది, ప్రాసెసర్‌కు కనీసం 65. కూడితే 235. గేమ్ మంచి పట్టులో ఉన్నప్పుడు కంప్యూటర్ దానంతటదే ఆరిపోవడం, మళ్లీ మొదలవడం ఇలాగే జరుగుతుంది. షాపువాళ్లు మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల ప్లగ్గు) నుంచి కార్డుకు కావాల్సిన 8 పిన్‌కు మార్చే తీగ ఇస్తామంటారు, ఒప్పుకోకండి. అంత కరెంటుకు ఆ పిన్నులు వేడెక్కి కరుగుతాయి. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది తీసుకోండి. దానికి 4,500 వేసుకుంటే మొత్తం 30,000. మీ మిగులుతో నాలుగు నెలల్లో కూడుతుంది. మొదటి నెల ఎస్ఎంపీఎస్, నాలుగో నెల కార్డు.

ఈ లోపు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. కార్డు, ప్రాసెసర్ ఎంత వాడకంలో ఉన్నాయో చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి అరగంట ఆడండి. కార్డు వాడకం 95 శాతం పైనే ఉన్నా, 4 జీబీ మెమరీ నిండిపోతున్నా తప్పు కార్డుదే. కార్డు 60, 70 శాతం దగ్గరే తచ్చాడుతూ ప్రాసెసర్ కోర్లు నిండిపోతుంటే కొత్త కార్డు వేసినా ఒరిగేది లేదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కూడా చూడండి. 16 జీబీ ఒకే కర్రగా ఉంటే రెండు చానళ్లలో ఒకటి ఖాళీగా ఉన్నట్టే. అలాంటిదే ఇంకో కర్ర వేయడం కార్డు కంటే చవక.

కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. 3060 తాగేది 1650 కంటే 95 వాట్లు ఎక్కువ, రోజుకు మూడు గంటలాడితే నెలకు 8.5 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 51 రూపాయలు. రోహిణి కార్తెలో మాత్రం క్యాబినెట్‌ను బల్ల అరలో దూర్చకండి.

కొనేముందు క్యాబినెట్‌లో కార్డు పట్టే పొడవు మిల్లీమీటర్లలో కొలవండి, కొన్ని మూడు ఫ్యాన్ల 3060లు 300 దాటతాయి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, డబ్బా మీది నంబరుతో, కార్డు మీది నంబరుతో అక్కడే సరిచూడండి. సెకండ్ హ్యాండ్‌ది అయితే వారంటీ మిగిలి ఉండాలి, కార్డును పూర్తి బరువుతో పరీక్షించే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్ 15 నిమిషాలు మీ ఎదుటే నడపాలి.

పాత 1650ని ముందే అమ్మేయకండి. మీ ప్రాసెసర్ పేరు చివరున్న ‘ఎఫ్’ అర్థం దానిలో గ్రాఫిక్స్ లేవని. కొత్త కార్డు మొరాయిస్తే తెర మీద బొమ్మే రాదు. వారం రోజులు సాఫీగా నడిచాక అమ్మి, ఆ డబ్బు 80,000 పక్కన వేయండి.