అయాన్లు పుడతాయా, వెలువడతాయా?

సందేహం: డిగ్రీ కెమిస్ట్రీ పాఠం తెలుగులో రాస్తున్నాను. మాల్డీ (MALDI) లాంటి విశోషణ అయనీకరణ పద్ధతుల్లో, అంటే నమూనా నుంచి అణువులను చార్జ్‌తో సహా ఊడదీసి బరువు తూచే యంత్రానికి అందించే పద్ధతుల్లో, లేజర్ తగలగానే అయాన్లు (చార్జ్ ఉన్న కణాలు) 'పుట్టించబడతాయి' అనాలా, 'వెలువడతాయి' అనాలా? అయాన్‌కూ మన అయనానికీ చుట్టరికం ఉందా? – ఒక అధ్యాపకురాలు

సమాధానం: ముందు ఆ 'పుట్టించబడతాయి'ని కొట్టేయండమ్మా. 'పుడతాయి' అంటే సరిపోయేదానికి 'బడు' తగిలించే జబ్బు మన సైన్సు పుస్తకాలకు ఎప్పుడు వదులుతుందో!

చుట్టరికం ఉంది, దగ్గరిదే. విద్యుత్తు పారే ద్రావణంలో ధ్రువాల వైపు కదిలే వాటికి పేరు కావలసివచ్చి ఫారడే 1834లో విలియం హ్యూవెల్ అనే పండితుణ్ణి అడిగితే, ఆయన గ్రీకులోంచి తీసిచ్చిన మాట ఇది. 'వెళ్లేది' అని అర్థం. ఆ గ్రీకు ధాతువూ మన 'ఇణ్ గతౌ' ('ఇ' అంటే వెళ్లడం) ధాతువూ తోబుట్టువులు. అయనం, ఉదయం, సమయం, వ్యయం, అతీతం అన్నీ ఆ 'ఇ' సంతానమే, ఆఖరికి ప్రేతం కూడా (వెళ్లిపోయినది కదా!). ప్రయాణం మాత్రం ఈ ఇంటిది కాదు, అది 'యా' ధాతువు. అలాగని గ్రీకులు మన దగ్గర ఎత్తుకుపోయారంటూ వాట్సాప్‌లో పెట్టకండి, తోబుట్టువుల మధ్య దొంగతనం ఏముంది?

ఇక క్రియ సంగతి. లేనిది కలిగితే పుట్టడం, లోపల ఉన్నది బయటికొస్తే వెలువడడం. తమాషా ఏమిటంటే శాస్త్రజ్ఞుల తగాదా కూడా సరిగ్గా ఇదే. మాల్డీలో ప్రోటీన్‌ను వేల రెట్ల మాట్రిక్స్ అనే చిన్న అణువుల పదార్థంతో కలిపి ఎండబెడతారు, ఆ మాట్రిక్స్ లేజర్ కాంతిని (337 నానోమీటర్లది ఎక్కువగా వాడేవారు) పీల్చుకుని భగ్గున ఆవిరవుతూ ప్రోటీన్‌నూ లేపుకుపోతుంది. ముందు మాట్రిక్సే అయాన్లయి, ఆ ఆవిరిలో ప్రోటీన్‌కు ప్రోటాన్ అందిస్తుందని ఒక పక్షం. అలాగైతే 'పుడతాయి'. కాదు, ద్రావణంలో ఉన్నప్పుడే ప్రోటీన్‌కు చార్జ్ ఉంది, ఎండాక స్ఫటికంలోనూ ఉంది, ఎగిరే తునకల్లో చాలా చార్జ్ రద్దయిపోగా బతికి బయటపడ్డ అదృష్టవంతులే యంత్రానికి చిక్కుతాయని కారాస్ అనే శాస్త్రజ్ఞుడి పక్షం. మాల్డీలో ఎక్కువగా ఒంటి చార్జ్ అయాన్లే కనపడడానికి కారణం అదేనంటారు వీళ్లు. అలాగైతే 'వెలువడతాయి'. వాళ్లే తేల్చుకోనిది వ్యాకరణం తేల్చలేదు గానీ, 'ఏర్పడతాయి' అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. చార్జ్ ఉన్న తుంపర్లను నమూనా మీదికి చిమ్మే డెసీ (DESI, 2004లో వచ్చిన మరో పద్ధతి) దగ్గర మాత్రం 'వెలువడతాయి' నా చెవికి ఎక్కువ నప్పుతోంది.

అన్నట్టు, సంస్కృతంలో విశోషణమంటే బాగా ఎండగొట్టడం. అంటుకున్నది ఊడిరావడానికి ఆ మాట ఎవరు పెట్టారో గానీ, పరీక్షల్లో అదే అడుగుతారు కనక ఉంచేయండి.