స్టెంటు వేశాక మొదటి మూడు నెలలు

చిరంజీవి శ్రీనివాసుకు పెద్దమ్మ ఆశీస్సులు.

గుండెపోటుకు స్టెంటు వేయించుకుని ఆస్పత్రి నుంచి ఇల్లు చేరావనీ, మీ అమ్మ, కోడలు పిల్ల నిన్ను మంచం దిగనివ్వడం లేదనీ విన్నాను. నా ఉద్యోగమంతా గుండె వార్డులో నర్సుగానే గడిచింది కనుక చెబుతున్నాను, ఆ సేవ కొంత తగ్గించమని వారితో చెప్పు. గుండె రక్తనాళం పూడుకుపోయిన చోట స్టెంటు అనే చిన్న జాలీ గొట్టం పెట్టడం వల్ల దారి తెరుచుకుంది, అంతే. మిగతా రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే గుణం ఎక్కడికీ పోలేదు. దాన్ని అదుపు చేయడానికి కొలత ప్రకారం వ్యాయామం, మందులు, తిండి, పొగాకు మానడం, మనసు కుదుటపడడం అన్నీ కలిపి డాక్టర్ల పర్యవేక్షణలో సాగించే కార్యక్రమాన్నే కార్డియాక్ రిహాబిలిటేషన్ అంటారు. ఇది సాధారణంగా వారానికి రెండు మూడు రోజుల చొప్పున మూడు నెలలు ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో ఆ మాట లేకపోతే నువ్వే అడుగు. చాలామందికి అడిగితే తప్ప చెప్పరు.

మా వార్డులో ఒక పెద్దమనిషి మానిటర్ మీది అంకెలు చూస్తూ మంచినీళ్ల గ్లాసు ఎత్తడానికి కూడా భయపడేవారు. ఫిజియోథెరపిస్టు పక్కనుండి, ఛాతీకి ఈసీజీ తీగలు అతికించి వరండాలో నడిపించాక, గుండె లయ చెదరలేదని కళ్లతో చూసుకున్నాకే ఆయన భయం వదిలింది. పర్యవేక్షణలో నడవడం వల్ల కలిగే అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం.

డాక్టరు అనుమతించాక రోజుకు రెండు మూడు సార్లు ఐదు నుంచి పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి కాస్త పెంచుకుంటూ, వారానికి ఐదు రోజులు 30 నిమిషాల నడకకు చేరుకో. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు, పాట పాడగలుగుతుంటే ఇంకాస్త పెంచవచ్చు. చేతి గడియారం చూపే నాడి అంకెను నమ్ముకోకు, ఎందుకంటే గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారిలో నాడి మామూలంతగా పెరగదు. మొదట, చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా నడువు. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. భోజనమైన వెంటనే, మిట్టమధ్యాహ్నపు ఎండలో నడక వద్దు.

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే కూర్చో. డాక్టరు ఛాతీ నొప్పి తగ్గించే సార్బిట్రేట్ మాత్ర రాసి ఉంటే కూర్చునే నాలుక కింద పెట్టుకో, నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి పడిపోవచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయించు. నువ్వే బండి తీసి ఆస్పత్రికి బయలుదేరవద్దు.

ఇక మందుల సంగతి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చిన క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఏడాది పాటు వాడిస్తారు. మధ్యలో మానేస్తే స్టెంటులోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. రేపు పన్ను పీకించుకోవలసి వచ్చి దంతవైద్యుడు రెండు రోజులు ఆపమన్నా సరే, గుండె డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా ఆపకు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు మరొకటుంది: రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర మానేస్తారు. ఆ మాత్ర వేసుకున్నందువల్లే అది నార్మల్ వచ్చింది. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి.

తిండి గురించి కోడలికి విడిగా రాస్తాను. ఉప్పు మాత్రం రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. కూరలో నూనె లేదని మురిసిపోతూ పక్కన ఆవకాయ, అప్పడం వేసుకునేవారిని ఎందరినో చూశాను. సిగరెట్టు తగ్గించాననే మాట నా దగ్గర చెల్లదు, పూర్తిగా మానాలి. నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వచ్చినా దాచకుండా డాక్టరుకు చెప్పు. గుండెపోటు తరువాత దిగులు చాలామందికి వస్తుంది, దానికీ చికిత్స ఉంది.

మరొక సంగతి. నీకు నలభై నాలుగేళ్లకే ఈ జబ్బు వచ్చింది కనుక మీ తమ్ముడికీ ముప్పు ఎక్కువే. వాడికి నొప్పేమీ లేదని ఊరుకోకుండా, ఈ నెలలోనే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించి ఆ రిపోర్టులు నాకు పంపించమను.

మీ పెద్దమ్మ