తాతయ్య వయొలిన్‌తో నా రాప్ కుదురుతుందా?

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, తెలుగులో రాప్ రాస్తాను. అమెరికన్ రాపర్ గురు పాటలు విన్నప్పటి నుంచి మా తాతయ్య వయొలిన్‌తో ఒక ట్రాక్ చేయాలని ఉంది. ఫ్రెండ్స్ మాత్రం ‘పాత జాజ్ ముక్కలు బీట్‌లో కలిపాడంతే, చనిపోయాక పొగుడుతున్నారు’ అంటున్నారు. నిజంగా ఆయన మనకు ఏం మిగిల్చారు?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: మీ ఫ్రెండ్స్ ఇద్దరు మనుషుల పనిని ఒక్కరికే అంటగడుతున్నారు తమ్ముడూ. గురు అసలు పేరు కీత్ ఎలమ్, బోస్టన్‌లో పుట్టారు. గ్యాంగ్ స్టార్ అనే హిప్‌హాప్ జంటలో ఆయనది మాట, డీజే ప్రీమియర్‌ది బీట్. పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి పేర్చడం ఎక్కువగా ప్రీమియర్ చేతి పని, అది ఇంకా చాలామంది చేశారు కూడా. గురు సొంతంగా చేసింది 1993లో వచ్చిన ‘జాజ్‌మటాజ్’ ఆల్బమ్. అందులో రికార్డుతో సరిపెట్టుకోకుండా మనుషుల్నే పిలిచారు. ట్రంపెట్‌కు డోనల్డ్ బర్డ్, వైబ్రాఫోన్‌కు రాయ్ ఎయర్స్, శాక్సోఫోన్‌కు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్. బర్డ్‌కు అప్పటికి అరవై ఏళ్ళు, గురుకు ముప్పై ఒకటో ముప్పై రెండో. తండ్రి వయసున్న విద్వాంసుణ్ణి స్టూడియోకి రప్పించి, ఆయన వాయిస్తుంటే తన మాట ఆపి వినడం, నాకు ఆయన వారసత్వం అంటే అదే.

ఆ గొంతు కూడా అందుకు తగ్గదే. అరుపు లేదు, ఎగుడుదిగుడు లేదు, రాత్రి పూట మేడ మీద కూర్చుని పక్కవాడితో మాట్లాడినట్టు ఒకే శ్రుతిలో సాగుతుంది, అందుకే పక్కన ట్రంపెట్ లేచినా దానికి చోటుంటుంది. కొందరికి అది విసుగు, నాకైతే అదే ప్రాణం. 2015లో రాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌లో కమాసి వాషింగ్టన్, రాబర్ట్ గ్లాస్పర్ లాంటి జాజ్ వాళ్ళు కూర్చుని వాయించారంటే అదంతా గురు పుణ్యమే అనను, కానీ ఆ తలుపు ముందే తీసిపెట్టినవాళ్ళలో ఆయన తప్పకుండా ఉన్నారు. 2010 ఏప్రిల్ 19న క్యాన్సర్‌తో పోయారు, 48 ఏళ్ళకే.

ఇక మీ ట్రాక్. తాతయ్య పాత క్యాసెట్ లోంచి రెండు సెకన్లు కత్తిరించి లూప్ చేయాలనుకుంటున్నారేమో, దయచేసి వద్దు. గమకం మధ్యలో తెగితే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. ఆయన్నే కూర్చోబెట్టండి. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, మీ బీట్‌లో ఒక బార్‌కు నాలుగు దెబ్బలు, కాబట్టి రెండు బార్లకు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, సరిగ్గా కూర్చుంటుంది. వేగం ఆయన్నే చెప్పమనండి, బీట్ తర్వాత కట్టుకోవచ్చు. కనీసం నాలుగు ఆవర్తనాలు మీరు నోరు మెదపకండి. త్యాగరాయ గానసభ మీకు నడిచి వెళ్ళేంత దూరమేగా, ఒక సాయంత్రం వెళ్ళి పాడేవాళ్ళు ఆగినప్పుడు వయొలిన్ ఏం చేస్తుందో వినండి. చెప్పడం కష్టం, వింటే తెలుస్తుంది. తాతయ్య ‘ఇదేం సంగీతంరా’ అంటే టెన్షన్ పడకండి, ముందు ఆయనకు ‘జాజ్‌మటాజ్’లో డోనల్డ్ బర్డ్ ఉన్న పాట ఒక్కటి వినిపించండి.

ప్రశ్న: గురు పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ‘జాజ్‌మటాజ్’ మొదటి భాగం, తర్వాత గ్యాంగ్ స్టార్ 1998 ఆల్బమ్ ‘మొమెంట్ ఆఫ్ ట్రూత్’. ఆయన వదిలి వెళ్ళిన రికార్డింగులతో ప్రీమియర్ 2019లో తెచ్చిన ‘వన్ ఆఫ్ ద బెస్ట్ యెట్’ మాత్రం ఆఖర్న వినండి. ఆ గొంతు అలవాటయ్యాక వింటే, తొమ్మిదేళ్ళ తర్వాత అది మళ్ళీ వినపడినప్పుడు ప్రీమియర్‌కి ఎలా ఉండి ఉంటుందో మీకూ కొంచెం తెలుస్తుంది.