స్కార్న్ ఇనుప ఖనిజంలో కోబాల్ట్ ఎలా పోగవుతుంది? మన నల్లగొండ దిక్కు దొరుకుతుందా?

వాడపల్లి దిక్కు సున్నపురాయి ఉంది, దేవరకొండ దిక్కు గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన నల్లరాయి ఉంది, మరి స్కార్న్ (కరిగిన రాయి సున్నపురాయిలోకి చొరబడిన చోట ఆ వేడికి, వేడినీళ్లకు మారిపోయి పుట్టే రాయి) పుట్టి కోబాల్ట్ చేరలేదా అని కదా తమ్ముడూ నీ ప్రశ్న. ఎమ్మెస్సీ రోజుల్లో నాకూ ఇదే పిచ్చి. జేబులో అయస్కాంతం వేసుకుని మిర్యాలగూడ నుంచి వాడపల్లి దాకా ఎండలో తిరిగాను. ఆ కథ తర్వాత.

ఆవర్తన పట్టికలో ఇనుము 26, కోబాల్ట్ 27. పక్కపక్క ఇండ్లు. అయాన్ల సైజు కూడా దగ్గరదగ్గరే, అందుకే ఇనుము కూర్చునే చోట కోబాల్ట్ కూర్చున్నా స్ఫటికం పెద్దగా పట్టించుకోదు. మామూలు రాళ్లలో అది ఇట్లా చెల్లాచెదురుగా ఉంటుంది. గ్రానైట్‌లో పది లక్షల పాళ్లకు ఏ కొన్ని పాళ్లో, డోలరైట్ లాంటి నల్లరాళ్లలో 40–50 దాకా. కాబట్టి సున్నపురాయిలోకి చొరబడే మాగ్మా (కరిగిన రాయి) నల్లరాయి జాతిదైతే తెచ్చే సరుకు ఎక్కువ.

మోసుకొచ్చేది మాత్రం ఉప్పునీళ్లు. బాగా వేడెక్కిన ఉప్పునీటిలో క్లోరిన్ కోబాల్ట్‌ను కరిగించి పట్టుకుంటుంది. నీళ్లు చల్లారినా పలచబడినా ఆ పట్టు సడలిపోతుంది. సున్నపురాయి అంచున ముందు గార్నెట్, పైరాక్సీన్ అనే ఖనిజాలు పుడతాయి, ఆ తర్వాత అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం మాగ్నెటైట్. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇనుమంతా మాగ్నెటైట్‌లో ఉంది కాబట్టి కోబాల్టూ అందులోనే ఉంటుందనుకుంటారు. మాగ్నెటైట్ తీసుకునేది కొంచెమే. వేడి ఇంకా తగ్గి, ఇనుముతో గంధకం కలిసి పైరైట్ అనే పసుపు మెరుపుల ఖనిజం ఏర్పడేటప్పుడు అసలు కోబాల్ట్ అందులోకి దూరుతుంది. పైరైట్‌కూ కోబాల్ట్ సల్ఫైడ్‌కూ లోపలి అల్లిక ఒకటే మరి. ఆ తర్వాత మళ్లీ వేడినీళ్లు పారి పాత పైరైట్‌ను కరిగించి పేర్చితే, ఆర్సెనిక్ కూడా తోడుంటే, కోబాల్టైట్ అనే వేరే కోబాల్ట్ ఖనిజంగా విడిపడవచ్చు.

ఇది నాకు పుస్తకంలో కాదు, చివాట్లతో ఎక్కింది. నేను పనిచేసిన ల్యాబ్‌కు ఒకసారి స్కార్న్ శాంపిల్ వచ్చింది. పొడి చేసి, అయస్కాంతానికి అంటుకున్న నల్లపొడి మాత్రమే పరీక్షకు పంపి, మిగిలింది బకెట్‌లో పోశాను. కోబాల్ట్ నామమాత్రంగా వచ్చింది. పెద్దాయన బకెట్ వెతికించి, ఆ పసుపు మెరుపుల పొడిని పరీక్షిస్తే కోబాల్ట్‌లో ఎక్కువ భాగం అందులోనే ఉంది! అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు కార్న్‌వాల్ గనిలోనూ ఇంతే. 1742 నుంచి 1973 దాకా ఇనుము తవ్విన గని అది. అక్కడ కోబాల్ట్ వచ్చింది మాగ్నెటైట్ నుంచి కాదు, వేరు చేసిన పైరైట్ నుంచే, దానిలో సుమారు 1 శాతం. అక్కడా సున్నపురాయిలోకి చొరబడింది డోలరైట్ జాతి రాయే.

మరి మన దగ్గర? రాళ్లు రెండూ ఉన్నాయి, వరసే తప్పింది. మన నల్లరాతి డైకులు (గ్రానైట్ పగుళ్లలోకి ఎక్కి గోడల్లా గట్టిపడిన రాళ్లు) చాలావరకు 200 కోట్ల ఏళ్లు దాటినవి. కృష్ణ ఒడ్డు సున్నపురాయి వాటికంటే చాలా చిన్నది. అది పేరుకునేసరికి డైకులు ఎప్పుడో చల్లారిపోయాయి. పొయ్యి ఆరిపోయాక ఎసరు పెట్టినట్టన్నమాట. ఆ కాలినడకలో నా అయస్కాంతానికి అంటుకున్న ఒకే ఒక్క రాయిని ఎంతో మురిసిపోయి సారుకు చూపించాను. అది రోడ్డు మీద పోసిన నల్ల కంకర.